చెమట పట్టిస్తే జలుబు వదలదు

జలుబు చేసి ముక్కు ఇంకా దిబ్బడగానే ఉన్నా సైకిలెక్కేసి, "గట్టిగా తొక్కి చెమట పట్టించు, రొంప అదే దిగుతుంది" అని తోటివారికి చెప్పే రైడర్లు ఏ బృందంలో చూసినా ఉంటారు. గ్లవ్‌తో ముక్కు తుడుచుకుంటూనే ఈ ఉపదేశం చేస్తారు. విన్నవాళ్ళు తలలూపుతారు. ఈ మాట తప్పు. జ్వరం ఉన్నవాడికి చెబితే ప్రమాదం కూడా.

జలుబు వైరస్ ఎక్కడుంటుంది? ముక్కు, గొంతు లోపలి పొరల కణాల్లో. చెమట ఎక్కడ పుడుతుంది? చర్మంలోని స్వేద గ్రంథుల్లో. ఆ కణాల్లో పెరిగే వైరస్‌ని ఈ చెమట ఎలా వదిలిస్తుంది? చెమటలో ప్రధానంగా పోయేది నీరూ ఉప్పూ. ఒంటికి నీరు అవసరమైన సమయంలో ఉన్న నీటిని కార్చేసుకోవడం వైద్యం ఎలా అవుతుంది?

ఈ భ్రమ ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. జ్వరం దిగేటప్పుడు చెమట పట్టడం ప్రతి ఇంట్లోనూ చూసిందే. ఒంటి వేడిని మామూలు స్థాయికి దించడానికి మెదడే ఆ చెమట పట్టిస్తుంది. జ్వరం దిగుతోంది కాబట్టి చెమట పట్టింది. మనవాళ్ళు దాన్ని తిరగేసి, చెమట పట్టింది కాబట్టి జ్వరం దిగిందన్నారు. కోడి కూసినందుకే తెల్లవారిందన్న వాదన ఇది.

పరీక్షించి చూసినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయంలో థామస్ వైడ్నర్ బృందం విద్యార్థుల ముక్కుల్లో జలుబు తెచ్చే రైనోవైరస్ వేసి, కొందరిచేత రోజు విడిచి రోజు 40 నిమిషాలు మోస్తరు వ్యాయామం చేయించింది. 1998లో ఫలితాలు ప్రచురించింది. వ్యాయామం చేసినవారికీ చేయనివారికీ జలుబు తీవ్రతలో గానీ, ఉన్న రోజుల్లో గానీ తేడా లేదు. "చూశారా, హాని లేదుగా!" అనేవారు సగమే చదివినట్టు. మేలూ లేదు! పైగా అది మోస్తరు వ్యాయామం. జ్వరంతో అనంతగిరి ఘాట్ ఎక్కడం కాదు.

వట్టి ముక్కు కారడం, తుమ్ములు, కాస్త గొంతు గరగర మాత్రమే ఉంటే మెల్లగా తొక్కవచ్చు. క్రీడా వైద్యులు అనుమతించేది అంతవరకే. జ్వరం, ఒళ్ళునొప్పులు, ఛాతీలోంచి దగ్గు ఉంటే సైకిల్ గోడకి ఆనించాల్సిందే. పారాసిటమాల్ వేసుకుని బయల్దేరేవారు థర్మామీటర్‌ని మోసగించగలరు, గుండెని కాదు. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి. అరుదే, కానీ వస్తే నెలల తరబడి కఠిన వ్యాయామం మానమంటారు వైద్యులు. ఒక్క ఆదివారం రైడ్ కోసం అంత పందెం కాస్తారా?

"ఫిట్‌నెస్ పోతుంది" అన్నది ఇంకో భయం. బాగా శిక్షణ పొందినవారు వ్యాయామం పూర్తిగా మానేస్తే ఏమవుతుందో 1984లో పరిశోధకుడు ఎడ్వర్డ్ కోయిల్ బృందం కొలిచింది. శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ 21 రోజుల్లో తగ్గింది 7 శాతం. మరి నాలుగు రోజులకి ఏం కొంప మునుగుతుంది? 2023 జిరో ద ఇటాలియా సైకిల్ రేసులో బెల్జియం రైడర్ రెమ్కో ఎవెనెపుల్ టైమ్ ట్రయల్ గెలిచి, మొదటి స్థానంలో ఉన్నవారు వేసుకునే గులాబీ జెర్సీ ఒంటి మీద ఉండగానే కోవిడ్ తేలి ఆ రాత్రే తప్పుకున్నాడు. కోవిడ్ వేరు, జలుబు వేరు, ఒప్పుకుంటాను. కానీ ఆగినందుకు అతని కాళ్ళు పోయాయా? అదే ఏడాది ఆగస్టులో స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్‌లో ప్రపంచ టైమ్ ట్రయల్ టైటిల్ గెలిచాడు.

తిరిగి ఎక్కే రోజుని క్యాలెండర్ చూసి కాదు, నాడి చూసి నిర్ణయించండి. పొద్దున లేవగానే, మంచం దిగకముందే మణికట్టు పట్టుకుని లెక్కపెట్టండి. మామూలుగా 58 ఉండేది 68 ఉంటే ఇంకా ఆగండి. మందు లేకుండా ఒక రోజంతా జ్వరం రాకపోతే, నాడి మామూలుకి వస్తే, చదును రోడ్డు మీద అరగంట తొక్కండి, పక్కవాడితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగంతో. మర్నాడు ఒళ్ళు బరువెక్కకపోతే ఇంకాస్త పెంచండి. ఈ వారం 200 కిలోమీటర్ల బ్రేవేకి, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు రైడ్‌కి, పేరిచ్చామంటారా? ఏడాదిలో ఇంకా వస్తాయి, వాటికి వెళ్ళండి.