పాట పంపితే పేరు కూడా రాద్దాం



మన హాస్టల్ గదుల్లో రోజూ కొత్త పాటలు తిరుగుతుంటయి. ఎవరు కట్టిన్రు, ఎవరు పాడిన్రు అంటే మాత్రం మనకు తెల్వదు.

మణుగూరు మండలం కూనవరంలో డోలు కొట్టి కోయ వీరుల కథలు పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. మనలో చాలామందిమి ఆయన పేరు విన్నది అప్పుడే. 2024 జూన్‌లో ఆయన పోయారు. మన పక్క ఊరి పెద్దమనిషి గురించి ఢిల్లీ చెప్తే గానీ మనకు తెలియలేదు. ఇది మన తప్పే.

ఇప్పుడూ ర్యాప్ కట్టే తమ్ముళ్లున్నారు, గిటార్ పట్టి సొంత పాట రాసుకునే చెల్లెళ్లున్నారు, గోండు గూడేల్లో కిక్రి వాయించే ప్రధాన్ పెద్దలున్నారు. వాళ్ల వెనక ఏ కంపెనీ లేదు. ఫోన్ ఎక్కువగా మనం విన్నలాంటివే మళ్లీ చూపిస్తది. కొత్తోళ్లను మనమే వెతకాలి.

పాటకు డీజే కలిపి పేరు తీసేసుడు ఆపుదాం. వాళ్ల సొంత ఛానల్ లింకే పంపుదాం. పేరు, ఊరు, భాష రాద్దాం. పెద్దల పాట రికార్డు చేసే ముందు అడుగుదాం. ఫంక్షన్‌కు పిలిస్తే దారి ఖర్చులతో పాటు పారితోషికం ఇద్దాం. శాలువాతో ఇల్లు గడవదు.

మీ గూడెంలో పాడేవాళ్ల పేరు ఒక్కటి, వాళ్లను అడిగి, కింద రాయండి. జోహార్.