నిశ్శబ్ద యంత్రము

ఇంటిలో చలనచిత్రములు చూచుటకును, సంగీతము వినుటకును టెలివిజనుకు జతపరచు కంప్యూటరును స్వయముగా కూర్చుకొనవలెనను కోరిక మన పై తరగతుల విద్యార్థులలో మెండుగా కానవచ్చుచున్నది. ఈ కోరికను మేము మెచ్చుకొనుచున్నాము. అయితే వారు తల్లిదండ్రుల యెదుట నుంచు పట్టికలను చూడగా, ధనములో నధికభాగము యంత్రశక్తికే పోవుచున్నది. నిశ్శబ్దమును గూర్చి తలచినవారు అరుదు.

శంకరాభరణము (1980) వంటి చిత్రమును చూచునప్పుడు, పాట ముగిసిన పిమ్మట నిలుచు మౌనము కూడ సంగీతములో భాగమే. ఆ మౌనములో పెట్టెలోని ఫ్యాను గీపెట్టినచో, ఎంత గొప్ప స్పీకర్లున్నను ఫలమేమి? మన యిండ్లలో పైకప్పు ఫ్యాను ఎట్లును తిరుగుచునే యుండును గదా యని కొందరందురు. ఆ ధ్వని మంద్రము, ఏకరీతి. చెవి దానిని కొలదిసేపటికే మరచును. చిన్న ఫ్యానో, కీచుమని లేచి, తగ్గి, మరల లేచును. దానిని మరచుట యెవరి తరము?

రొదకు మూలము వేడిమి. వేడిమికి మూలము ప్రాసెసరు త్రాగు విద్యుత్తు. 2023లో వెలువడిన ఇంటెల్ ఎన్100 అను ప్రాసెసరు 6 వాట్ల తరగతిది; 4కె చిత్రములను విప్పి చూపు సాధనము దానిలోనే అమరియున్నది. ఈ పనికి 250 వాట్లు త్రాగగల ప్రాసెసరును కొనుట తులసిమొక్కకు నీరు పోయుటకై యేతము కట్టుటవంటిది. ఆటలకు కావలెనందురా, అది వేరు యంత్రము, వేరు గది.

ఫ్యాను వేగమును సగమునకు తగ్గించినచో గాలి సగమగును గాని, రొద సుమారు 15 డెసిబెల్లు పడిపోవును. కావున 80 మిల్లీమీటర్ల ఫ్యానును వడిగా త్రిప్పుటకంటె 120 లేక 140 మిల్లీమీటర్ల దానిని మెల్లగా త్రిప్పుటయే మేలు. భౌతికశాస్త్రము చదువువారు దీనిని తామే పరీక్షించి చూతురు గాక.

ఇక మన యెండల మాట. ఫ్యాను గాలిని కదల్చునే గాని చల్లబరచదు. మే నెలలో బెజవాడలో గది 38 డిగ్రీలున్నచో, లోపలి భాగమేదియు అంతకు దిగువకు పోజాలదు. శీతలదేశమున 20 డిగ్రీల గదిలో కొలిచిన లెక్కకు మనము మరి 18 డిగ్రీలు కలుపుకొనవలెను. దీనికి తోడు, వడ్రంగి చేసిన టీవీ అలమారుకు వెనుక పలక మూసియుండును. వెలువడిన వేడిగాలి పోవు త్రోవ లేక ముందునకు వచ్చి, మరల పెట్టెలోనికే చొచ్చును. ఆ పలకకు క్రిందొకటి, పైనొకటి రంధ్రములు కోయింపుడు. వేడిగాలి తానే పైకెగయును. ఖరీదైన ఫ్యానుకంటె ముందు చేయవలసినది ఇది యని మా దృఢాభిప్రాయము.

నిమిషమునకు 5400 లేక 7200 మార్లు తిరుగు హార్డు డిస్కు పెట్టెనే మృదంగముగా మార్చును. దానిని వేరొక గదిలో నుంచి తీగద్వారా చిత్రములను తెచ్చుకొని, ఇందులో ఎస్.ఎస్.డి. మాత్రమే యుంచుకొనవచ్చును. పవర్ సప్లయి పెట్టెను మాత్రము ఎవరును విప్పరాదు. తీగ పెరికిన పిమ్మటను అందలి కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

పట్టిక తెచ్చిన బిడ్డను, ధర యెంతయని యడుగుటకు ముందు, వాట్లెన్నియని యడుగవలసినదిగా తల్లిదండ్రులకు మా మనవి. నెలకొకమారు ధూళి దులుపు పని యెవరిదో కూడ అప్పుడే తేల్చుకొనుడు.