తీసిన ఎముక ఎటు పోయింది?

గత నెలలో బోధన్ దగ్గరి పల్లె నుంచి ఒక చెరకు రైతు తన వెన్నెముక ఆపరేషన్ బిల్లు పట్టుకొని నిజామాబాదులోని మా ఇంటికి వచ్చాడు. రెండు పూసలను స్క్రూలతో కలిపి అతికించారు. నొప్పి తగ్గింది, నడుస్తున్నాడు. అయితే బిల్లులో స్క్రూల కింద మరొక పెద్ద పద్దు ఉంది: బోన్ గ్రాఫ్ట్ సబ్‌స్టిట్యూట్. "ఇదేంది సార్? నా బొక్క నాకు పనికిరాలేదా?" అని అడిగాడు. అడగవలసిన చోట అడిగే ధైర్యం అతనికి చాలలేదు.

స్క్రూలు పూసలను కొంతకాలం కదలకుండా పట్టి ఉంచుతాయి, అంతే. శాశ్వతంగా అతకవలసింది ఎముకే. నడుమ కొత్త ఎముక పెరగకపోతే ఎంత గట్టి స్క్రూ అయినా వదులు కావచ్చు, విరగవచ్చు. అందుకే అక్కడ ఎముక ముక్కలు పేరుస్తారు. రోగి సొంత ఎముకలో ఎముకను పెంచే కణాలు, వాటిని ప్రేరేపించే ప్రోటీన్లు, అవి అల్లుకోవడానికి పందిరి, మూడూ ఉంటాయి. డబ్బాలో వచ్చే కాల్షియం ఫాస్ఫేటు గుళికల్లో ఉన్నది ప్రధానంగా పందిరి ఒక్కటే. పందిరి వేసినంత మాత్రాన తీగ మొలుస్తుందా?

నరాలపై ఒత్తిడి తీయడానికి సర్జను పూస వెనుక భాగాన్ని ఎలాగూ కత్తిరించి తీస్తాడు. ఆ ముక్కలను కండ లేకుండా శుభ్రం చేసి, చిన్నవిగా చేసి పెడితే ఒకటి రెండు పూసల అతుకుకు చాలామందిలో సరిపోతుంది. చాలకపోతే తుంటి ఎముక అంచు ఉంది. అక్కడ కొన్నాళ్లు నొప్పి ఉంటుంది, ఒప్పుకుంటాను. పొగ తాగేవారికి, ఎముకలు గుల్లబారిన వృద్ధులకు, పాత ఆపరేషన్ విఫలమైనవారికి బయటి పదార్థం తోడు కావలసి రావచ్చు. అవసరమైతే వాడమనే నేనూ అంటాను. అలవాటుగా, చెప్పకుండా, అందరికీ వాడడం మాత్రం వైద్యం కాదు, వ్యాపారం.

ఖరీదైనది గనుక మేలైనదే అయి ఉంటుందనే భ్రమ మనలో బలంగా ఉంది. అమెరికాలో 'ఇన్ఫ్యూజ్' అనే ప్రోటీనుకు 2002లో అనుమతి వచ్చింది. కంపెనీ డబ్బుతో జరిగిన పరిశోధనలు దానిని ఆకాశానికెత్తాయి. మెడ ఆపరేషన్లలో వాడితే గొంతు వాచి ఊపిరాడని ప్రమాదముందని 2008లో అక్కడి ప్రభుత్వ సంస్థ హెచ్చరించింది. 2013లో యేల్ విశ్వవిద్యాలయం చొరవతో రెండు స్వతంత్ర బృందాలు కంపెనీ మూల లెక్కలను తిరగదోడితే, తుంటి ఎముక కంటే చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. 2021లో అక్కడే మరణించిన ఒక దాత ఎముకతో చేసిన పదార్థాన్ని 113 మందికి అమర్చారు. వారిలో అత్యధికులకు క్షయ సోకింది. క్షయ పూసలను ఎలా తినివేస్తుందో సర్కారు దవాఖానాలో ఏళ్ల తరబడి చూసినవాణ్ణి. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గుండె స్టెంట్లకు, మోకాలి కీళ్లకు కేంద్రం 2017లో గరిష్ఠ ధరలు విధించింది. ఈ గుళికలకు అటువంటి కట్టడి లేదు. రైతు చెరకుకు టన్ను ధర ప్రభుత్వం కడుతుంది. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఆ ధర కోసమైనా పంటను దూరం మోయవలసి వచ్చింది. అతని వెన్నులో పెట్టే గుళికకు మాత్రం అమ్మేవాడు కట్టిందే ధర!

ఆపరేషన్‌కు సంతకం పెట్టేముందు అడగండి: నా ఎముక వాడతారా? ఎందుకు చాలదు? బయటిది ఏ పదార్థం, డబ్బాపై ధర ఎంత, దాని స్టిక్కరు నా కాగితాల్లో అంటిస్తారా? ఈ ప్రశ్నలకు కోపగించుకోవలసిన పని ఏ సర్జనుకూ లేదు.

ఆ రైతు కాగితాల్లో ఆపరేషన్ వివరాల పుట వెదికి చదివాను. గుళికల పేరు, పరిమాణం ఉన్నాయి. అతని వెన్ను నుంచి తీసిన ఎముకను ఏమి చేశారో ఒక్క మాట లేదు.