కత్తెర మెకానిక్కులకో దండం

ముందే చెప్పేస్తున్నా, ఇది తిట్ల దండకం. అందులో మొదటి తిట్టు నాకే.

శ్రీకాకుళం అనగానే అందరూ ఉత్తరాంధ్ర అనుకుంటారు. మాది ఆ శ్రీకాకుళం కాదండీ. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. రాయలవారికి ఆముక్తమాల్యద రాయమని కల వచ్చిన చోటు మాదేనని చిన్నప్పుడు తెగ గొప్పలు పోయేవాళ్ళం. ఇప్పుడు ఆ ఊళ్ళో మా నాన్నగారూ, అమ్మా, ఒక 1974 అంబాసిడరూ ఉంటారు. నేను మీ అందరిలాగే బెంగుళూర్లో కుర్చీకి అతుక్కుపోయి ఉంటాను.

రెండేళ్ళ క్రితం నాన్న ఫోన్లో అన్నారు, "రాత్రిపూట రోడ్డు సరిగ్గా కనపడట్లేదురా" అని. డెబ్భై దాటిన మనిషి ఆ మాటంటే మనకేం తడుతుంది? కళ్ళు. నాకూ అదే తట్టింది. బెజవాడ తీసుకెళ్ళి కళ్ళు చూపించాం. వయసుకి తగ్గ శుక్లం ఉంది, ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, అద్దాలు మార్చుకోండి అన్నారు. మార్చారు. అయినా కనపడట్లేదన్నారు. "ఇంక రాత్రిళ్ళు నడపడం మానెయ్యండి నాన్నా, వయసైపోయింది" అని నేను తీర్పు చెప్పేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. నాలుగు రోజులు ఫోనూ ఎత్తలేదు.

తప్పు చేశాననిపించి, నష్టపరిహారంగా ఆన్‌లైన్లో 100/90 వాట్ల హాలోజన్ బల్బులు రెండు కొని పంపాను. ఇంజనీర్ని కదా! అసలు తిట్టు ఇక్కడ నాకు పడాలి.

ఎందుకో చెప్తాను, ఎనిమిదో తరగతి లెక్కే. మామూలు 60/55 బల్బులు రెండు హైబీమ్‌లో 120 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు. 100/90 పెడితే దాదాపు 17. ఈ కరెంటంతా డాష్‌బోర్డు మీది లైట్ల స్విచ్‌లోంచీ, కాలికింద ఉండే డిప్పర్‌లోంచీ వెళ్ళాలి. యాభయ్యేళ్ళ స్విచ్ లోపల ఇత్తడి మొనల మీద చిలుము పట్టి 0.1 ఓమ్ నిరోధం ఉందనుకోండి. 10 ఆంపియర్ల దగ్గర అక్కడ పుట్టే వేడి 10 వాట్లు. 17 దగ్గర దాదాపు 29. కరెంటు 1.7 రెట్లయితే వేడి దాదాపు మూడు రెట్లవుతుంది, ఎందుకంటే అది వర్గంతో పెరుగుతుంది. అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బాలో సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టు. అదీ నేను మా నాన్నకి పంపిన కానుక.

సరిగ్గా అదే అయింది. అవనిగడ్డ నుంచి వస్తూ కరకట్ట మీద, రాత్రి ఎనిమిదిన్నరకి, ముందు కాలిన వాసన, తరవాత రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోయాయి. కరకట్ట తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఒకపక్క కృష్ణ, రెండోపక్క పల్లం. ఆయన బ్రేకేసి, స్టీరింగ్ కదపకుండా పట్టుకుని, బండి ఆగేదాకా ఊపిరి బిగబట్టారట. ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు. వారం తరవాత అమ్మ చెప్పింది.

ఇక రెండో తిట్టు. మర్నాడు బండిని పట్నంలో ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్ళారు (పేరొద్దులెండి). అక్కడి కుర్రాడు మీటరు తియ్యలేదు, బొమ్మ చూడలేదు. కత్తెర తీశాడు. లైట్ల స్విచ్‌కి వచ్చే వైర్లు కత్తిరించి, డాష్‌బోర్డు కింద ఒక టాగిల్ స్విచ్ వేలాడదీసి, వైర్లు మెలిపెట్టి, నల్లటేపు చుట్టి, "పాతదై పోయిందండీ, మొత్తం వైరింగు మార్పించుకోండి, లేకపోతే అమ్మేసుకోండి" అన్నాడు. పీకిన స్విచ్‌ని కవర్లో పెట్టి చేతికిచ్చాడు. అది పారెయ్యనందుకు మాత్రం ఆ అబ్బాయికి థాంక్స్.

నా ఆఫీసులో చెప్తే సలహాల వర్షం. "మొత్తం కొత్త హార్నెస్ వేయించు." "ఎల్ఈడీలు పెట్టు." "ఆ డబ్బా ఎందుకు, స్క్రాప్‌కిచ్చి ఆటోమేటిక్ కొనివ్వు." ఒక్కడంటే ఒక్కడు, "ఎక్కడ పోతోందో కొలిచావా?" అని అడగలేదు. వీళ్ళే పొద్దున్నే ప్రొడక్షన్ పడిపోతే లాగ్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేసేవాళ్ళు. (నేనూ చేశాను, కాదనను.)

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మల్టీమీటరు పట్టుకెళ్ళాను. మామూలు బల్బులు మళ్ళీ పెట్టి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, లైట్లు వేసి కొలిచాను. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. బల్బు దగ్గర 10.9. మధ్యలో 2.9 వోల్టులు ఎవడో మింగేస్తున్నాడు. వెతికితే టేపు చుట్టిన మెలికల్లో 0.9, కొత్త టాగిల్‌లో 0.6, కాలి డిప్పర్‌లో 0.8, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు దగ్గర 0.6.

దీన్ని బల్బు భాషలో చెప్పాలంటే, ఫిలమెంట్ వెలుతురు వోల్టేజీకి దాదాపు 3.4వ ఘాతంతో మారుతుంది. 13.8 చేరాల్సిన చోట 10.9 చేరితే వచ్చే వెలుతురు నలభై అయిదు శాతం. సగం కూడా కాదు! మా నాన్న కళ్ళకి కొత్త అద్దాలు పెట్టించి, వయసైపోయిందని తీర్పు చెప్పి, బండి తాళాలు లాక్కోబోయాను నేను. పాడైంది మాత్రం రాగీ ఇత్తడీ.

ఇక్కడో మాట. వైరు బాగుందో లేదో బీప్ పెట్టి చూసేవాళ్ళని నమ్మకండి. 28 పోగుల తీగలో 27 తెగిపోయి ఒక్కటి మిగిలినా మీటరు కూస్తుంది. కరెంటు పారుతుండగా, ఆ రెండు చివర్ల మధ్య ఎన్ని వోల్టులు పడిపోతున్నాయో చూడాలి.

మొత్తం వైరింగు మార్చాలన్న వాదన సంగతి. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతతి కాబట్టి దాని తీగలు పాత బ్రిటిష్ లూకాస్ రంగుల్లో మాట్లాడతాయి. గోధుమరంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. తెలుపు తాళం తిప్పితే వచ్చేది. ఆకుపచ్చ దాని తరవాత ఫ్యూజు దాటినది. నీలం హెడ్‌లైట్లు, అందులో తెల్లచార ఉంటే హైబీమ్, ఎర్రచార ఉంటే డిమ్. ఎరుపు పార్కింగ్. నలుపు ఎర్త్. ఇంత శుభ్రంగా కామెంట్లు రాసిన కోడు నా పదిహేడేళ్ళ సర్వీసులో చూళ్ళేదు. దాన్ని కత్తిరించి, దొరికిన ఎర్రతీగ ముక్క అతికించినవాడు ఒక తీగ కాదు, తరవాత వచ్చేవాడి దారి తెంపుతున్నాడు. పైగా ఆనాటి ఈ తరహా కార్లు చాలావాటిలో హెడ్‌లైట్లకి ఫ్యూజే లేదు. మెలిక వదులై రేకుకి తగిలితే ఆపేది ఏమీ లేదు, తీగే ఫ్యూజు అవుతుంది.

నిజం చెప్పాలి, కొన్నిసార్లు మార్చక తప్పదు. గుడ్డ చుట్టిన రబ్బరు తీగలు వంచితే పొడిగా రాలుతుంటే, లేదా కోతల కాలంలో ఎలుకలు బానెట్లో కాపురం పెట్టి సగం కొరికేస్తే (మా డెల్టాలో ఇది మామూలే), అప్పుడు మార్చండి, నేనడ్డురాను. కానీ అదే రంగులతో మార్చండి. మా బండిలో పీవీసీ తీగలు వంగుతున్నాయి, మెత్తగానే ఉన్నాయి. చెడిపోయినవన్నీ కొసలు. సముద్రపు ఉప్పుగాలి చేసే పనే అది.

స్విచ్ తీసుకుని బందరు వెళ్ళాను. అక్కడ నలభయ్యేళ్ళుగా ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్న పెద్దాయన ఉన్నారు. స్విచ్ విప్పి, రివెట్టు జాగ్రత్తగా రాసి తీసి, లోపలి నాలుక చూపించారు. నల్లగా, గుంటపడి ఉంది. "ఉప్పుకాగితం పెట్టి రుద్దితే మూణ్ణెల్లు వస్తది బాబూ. నీకెన్నాళ్ళు రావాలి?" అన్నారు. "మా నాన్న నడిపినన్నాళ్ళు బాబాయ్ గారూ" అన్నాను. అమ్మ విరిగిన వెండి పట్టీల కొస ఒకటి అడిగి, చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పని చేసే తెలిసినాయనతో ఆ ఇత్తడి నాలుక మీద చిన్న వెండి చుక్క టంకం పెట్టించారు. స్ప్రింగు సాగదీశారు. డిప్పర్ విప్పి కడిగి గ్రీజు పెట్టారు. మెలికలన్నీ విప్పి, నీలం దగ్గర నీలమే వేసి, టంకం పెట్టి స్లీవ్ తొడిగారు.

ఆ తరవాత నేను అడిగితే, గ్రిల్లు వెనక రెండు రిలేలు పెట్టారు, బ్యాటరీ నుంచి లావు తీగతో, ఫ్యూజులతో. ఇప్పుడు పాత స్విచ్ లోంచి వెళ్ళేది రిలేని లేపేంత కరెంటే. కొత్తది పెట్టడానికి నేను వ్యతిరేకిని కాదండీ, కత్తెరకి వ్యతిరేకిని. రేపు రిలేలు పీకేస్తే బండి 1974లో ఎలా ఉందో అలాగే ఉంటుంది. మళ్ళీ కొలిస్తే బల్బు దగ్గర 13.3.

ఎల్ఈడీలు ఎందుకు వద్దన్నానంటే, హాలోజన్ కోసం చేసిన గిన్నెలో అవి పెడితే వెలుగు ఎటుపడితే అటు చిమ్మి ఎదురొచ్చేవాడి కళ్ళలో కొడుతుంది. కరకట్ట మీద ఎదురొచ్చేది ఎక్కువగా సైకిలో, ట్రాక్టరో.

"వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించొచ్చుగా, యాభై దాటిందిగా" అన్నాడొక మిత్రుడు. 2021లో వచ్చిన ఆ రూల్ ప్రకారం ఎగ్జిబిషన్‌కీ ర్యాలీకీ రిపేరుకీ తప్ప రోజూ రోడ్డెక్కకూడదు. అలా చేస్తే మా నాన్న అవనిగడ్డ వెళ్ళలేరు. మాకది అద్దాల బీరువాలో బొమ్మ కాదు.

పెద్దాయన డబ్బులు తీసుకుంటూ, ఈ పని నేర్చుకోడానికి ఎవరూ రావట్లేదన్నారు. ఆయన కొడుకు ఏం చేస్తుంటాడని అడిగాను. హైదరాబాద్లో సాఫ్ట్‌వేరట, టెస్టింగు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఆ రోజు చీకటి పడ్డాక నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కరకట్ట మీద ఘంటసాల మలుపు దాకా నడిపారు. ఏమీ మాట్లాడలేదు. మలుపు దగ్గర కాలితో డిప్పర్ నొక్కి డిమ్ చేసి, మళ్ళీ హైబీమ్ వేసి, "కనపడుతోందిరా" అన్నారు. తిరిగొచ్చాక ఆ వైరింగు బొమ్మ రంగు పెన్సిళ్ళతో గీసి, లామినేట్ చేయించి గ్లవ్ బాక్సులో పెట్టాను. వైపర్ స్విచ్ ఇంకా మొరాయిస్తోంది, వానాకాలం లోపు అదీ చూడాలి.