మంగళవారం హెట్టీది

మా మేడమీద పోర్షన్‌లో ఉండే అత్తై ఈ మే నెలలో ఇంగ్లండ్ వెళ్ళొచ్చారు. అత్తై అంటే నిజం అత్త కాదు. మా ఇంట్లో నాన్నవైపు తమిళం, అమ్మవైపు తెలుగు. మేడమీదావిడది తమిళం కాబట్టి అత్తై అయిపోయారు. ముప్ఫై ఏళ్ళు స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. వాళ్ళ చర్చివాళ్ళు పదహారుమంది ఒక టూర్ కంపెనీని మాట్లాడుకుని, పది రోజుల్లో ఇంగ్లండులోని క్రైస్తవ రచయితల ఊళ్ళూ మెథడిస్టుల స్థలాలూ చుట్టి వచ్చారు. నాకు తెచ్చినవి ఒక బుక్‌మార్కు, కొన్ని చాక్లెట్లు, టూర్ ప్రోగ్రాం అచ్చువేసిన ఎనిమిది పేజీల పుస్తకం. చాక్లెట్లు ఆ సాయంత్రమే అయిపోయాయి. నా గొడవంతా ఆ ఎనిమిది పేజీలతోనే.

మెథడిస్టులంటే ఎవరో తెలియనివాళ్ళకి రెండు మాటలు. 18వ శతాబ్దంలో జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ అనే అన్నదమ్ములు ఆక్స్‌ఫర్డులో చదివేటప్పుడు, కొందరు స్నేహితులతో కలిసి టైముకి ప్రార్థన, టైముకి చదువు, జైళ్ళకి వెళ్ళి ఖైదీల్ని చూడటం, ఇలా అన్నీ పద్ధతిగా చేసేవాళ్ళు. తోటి విద్యార్థులు ఎగతాళిగా పెట్టిన పేరు మెథడిస్టులు. వెక్కిరింపే చివరికి పేరయింది. తర్వాత జాన్ గుర్రం మీద దేశమంతా తిరిగి, పొలాల్లో, గనుల దగ్గర ప్రసంగాలు చేశాడు. చార్లెస్ 6,000కి పైగా కీర్తనలు రాశాడు. మన దేశానికీ వాళ్ళ మిషనరీలు వచ్చారు. మెదక్‌లోని పెద్ద చర్చి కట్టించిన పోస్నెట్ వెస్లియన్ మిషనరీయే. 1947లో దక్షిణ భారతంలో కొన్ని సంఘాలు కలిసి సీఎస్ఐ అయినప్పుడు మెథడిస్టులు కూడా అందులో కలిశారు. అందుకే చెన్నైలో సీఎస్ఐ చర్చికి వెళ్ళే అత్తైకి లండన్‌లోని ఒక గుడి పుట్టిల్లు లాంటిది.

ప్రోగ్రాం బాగానే ఉంది, కాదనను. లండన్‌లో సిటీ రోడ్డు మీద 1778లో తెరిచిన వెస్లీ చాపెల్, పక్కనే ఆయన ఇల్లు, ఆ ఇంట్లో ఆయన ప్రార్థన చేసుకున్న చిన్న గది. బ్రిస్టల్‌లో 1739 నాటి న్యూ రూమ్, ప్రపంచంలోకెల్లా పాత మెథడిస్టు కట్టడం. బెడ్‌ఫర్డులో జాన్ బన్యన్. ఓల్నీలో కవి కూపర్, ‘అమేజింగ్ గ్రేస్’ రాసిన న్యూటన్. ఆక్స్‌ఫర్డులో సి.ఎస్. లూయిస్ ఇల్లు, ఆయనా టోల్కీనూ స్నేహితులతో కూర్చున్న పబ్బు. ఎనిమిది పేజీల్లో పదకొండు ఫోటోలున్నాయి. కుర్చీలు, బల్లలు, ప్రసంగ వేదికలు, విగ్రహాలు. ఎవరి కుర్చీ అని చూస్తే అన్నీ మగవాళ్ళవే.

ఇదేదో ఫెమినిజం పేపర్ రాస్తున్న పిల్ల కుళ్ళు అనుకుంటారేమో. నాకూ మొదట అలాగే అనిపించింది. వాళ్ళు గొప్పవాళ్ళు, వాళ్ళ కుర్చీలు చూపిస్తున్నారు, నీకేంటి అనుకున్నా. కానీ మెథడిస్టుల విషయంలో మాత్రం ఆ మాట నిలవదు. ఎందుకంటే ఆ కథ మొదలైంది కుర్చీ దగ్గర కాదు, వంటింట్లో.

లింకన్‌షైర్‌లో ఎప్‌వర్త్ అనే చిన్న ఊరు. అక్కడి పాస్టరు శామ్యూల్ వెస్లీ, భార్య సుసన్నా. ఆమె తన తల్లిదండ్రులకు 25వ సంతానం. తనకు పుట్టినవాళ్ళు పంతొమ్మిదిమంది, దక్కినవాళ్ళు పదిమంది. ముగ్గురు మగపిల్లలు, ఏడుగురు ఆడపిల్లలు. ఆమె తండ్రి ఇంగ్లండ్ చర్చి నుంచి విడిగా నిలబడ్డ పెద్ద బోధకుడు. ఈమె పదమూడేళ్ళకే, సొంతంగా ఆలోచించుకుని, తండ్రి వదిలేసిన చర్చిలోకే తిరిగి వెళ్ళింది! రాజు కోసం భర్త చేసిన ప్రార్థనకి ఆమెన్ అనలేదని ఆయన కోపంతో ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు కూడా. ఆమె మాత్రం అనలేదు. ఆయన తిరిగొచ్చాక 1703లో పుట్టినవాడు జాన్.

1711-12 చలికాలంలో శామ్యూల్ లండన్‌లో ఉన్నాడు. ఆయన పెట్టి వెళ్ళిన చిన్న పాస్టరు ప్రసంగాలు చప్పగా ఉండేవి. ఆదివారం సాయంత్రం సుసన్నా వంటింట్లో పిల్లలకీ పనివాళ్ళకీ ప్రార్థన, ఒక మంచి ప్రసంగం చదివి వినిపించడం మొదలుపెట్టింది. పనివాళ్ళు ఇంట్లో చెప్పారు, వాళ్ళ పెద్దవాళ్ళు వస్తామన్నారు, పక్కింటివాళ్ళు వచ్చారు. చివరికి దాదాపు 200 మంది. చిన్న పాస్టరు ఊరుకుంటాడా, శామ్యూల్‌కి ఫిర్యాదు రాశాడు. ఆడది ఇలా చేయడమేంటని ఆయనా రాశాడు. ఆమె జవాబు సారాంశం ఇది: ఆపాలనుకుంటే ఆపమని బతిమాలొద్దు, ఆజ్ఞ ఇవ్వండి. ఇంతమందికి మేలు చేసే అవకాశం పోగొట్టిన పాపం అప్పుడు నా మీద ఉండదు. ఆయన ఆజ్ఞ ఇవ్వలేదు.

జాన్‌కి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ వంటింట్లో కూర్చుని చూశాడు.

అత్తై టూర్ ప్రోగ్రాంలో ఎప్‌వర్త్ లేదు. ఆ ఇల్లు (1709లో కాలిపోయాక మళ్ళీ కట్టింది) ఇప్పుడు మ్యూజియం, వెళ్ళి చూడొచ్చు. “దూరం కన్నా, ఒక రోజంతా పోతుందన్నారు” అన్నారు అత్తై. అదే టూర్‌లో ఒక పూట షాపింగ్‌కి వదిలారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సుసన్నా పిల్లలకి తనే చదువు చెప్పేది. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు. ఐదో ఏడు నిండగానే అక్షరాలు. ఆమె పెట్టిన నియమాల్లో ఒకటి నేను రెండుసార్లు చదువుకున్నాను: ఆడపిల్లకి బాగా చదవడం వచ్చేదాకా కుట్టుపనిలో పెట్టకూడదు. 300 ఏళ్ళ కిందటి మాట ఇది! మా అమ్మమ్మ కాలంలో కూడా మా ఇళ్ళల్లో దీనికి తలకిందులుగానే నడిచింది.

ఇంకోటి. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో ఒంటరిగా కూర్చుని మాట్లాడేది. గురువారం జాన్‌ది. పెద్దయ్యాక కూడా ఆ గురువారం గంట కోసం బెంగపడుతూ తల్లికి రాశాడని జీవితచరిత్రలన్నీ చెప్తాయి. శనివారం చార్లెస్‌ది. మంగళవారం హెట్టీది.

హెట్టీ పూర్తి పేరు మెహెటబెల్, 1697లో పుట్టింది. ఎనిమిదేళ్ళకే గ్రీకు బైబిలు చదివేదని ఆ కుటుంబ చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. కవిత్వం రాసేది. అదే తల్లి, అదే బల్ల, అదే ఆరు గంటల బడి. కానీ ముగ్గురు మగపిల్లలూ ఆక్స్‌ఫర్డు వెళ్ళారు. ఏడుగురు ఆడపిల్లల్లో ఒక్కరూ వెళ్ళలేదు, వెళ్ళే దారే లేదు. ఆక్స్‌ఫర్డు ఆడవాళ్ళకి డిగ్రీలిచ్చింది 1920లో.

1725లో హెట్టీ ఒకతన్ని నమ్మి ఇల్లు వదిలి వెళ్ళింది. అతను పెళ్ళి చేసుకోలేదు. తిరిగొచ్చిన కూతుర్ని తండ్రి క్షమించలేదు. ఆ ఏడే విలియం రైట్ అనే ప్లంబర్‌కిచ్చి పెళ్ళి చేశారు. వద్దని గట్టిగా అడ్డం పడింది ఒక్క చెల్లెనో అక్కో కాదు, కుంటికాలుతో ఇంట్లో అందరికంటే మెత్తగా ఉండే మేరీయే. ఎవరూ వినలేదు. పుట్టిన బిడ్డ కొన్ని నెలల్లోపే పోయింది. సరిగ్గా 1726లో జాన్ ఆక్స్‌ఫర్డులో లింకన్ కాలేజీ ఫెలో అయ్యాడు.

జాన్‌ని మరీ తప్పుపట్టలేను. ఆ ఏడాదే సెలవులకి ఊరొచ్చి, తప్పుచేసినవాళ్ళ మీద దయ చూపాలని తండ్రి చర్చిలోనే ప్రసంగం చేశాడు. ఎవరి గురించో అందరికీ అర్థమయింది. తండ్రికి కోపం వచ్చింది. అంతవరకే. హెట్టీ బతుకేమీ మారలేదు.

ఆ రోజుల్లో ప్లంబర్ పనంటే సీసం పని. హెట్టీ భర్తతో లండన్‌లో సోహోలోని ఫ్రిత్ వీధిలో కాపురం పెట్టింది. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోయారు. ఆ సీసమే పొట్టన పెట్టుకుందని ఆమె అనుకునేదట. పుట్టిన రెండోనాడే చనిపోతున్న బిడ్డ గురించి ఒక కవిత రాసింది. భర్త తనని పట్టించుకోకపోవడం గురించి ఇంకోటి. 1750లో పోయింది. ఆ పది మందిలో కవిత్వం అందరికంటే బాగా అబ్బింది ఈమెకేనని చెప్పే విమర్శకులు ఉన్నారు. ఆ రెండు కవితలూ ఇంగ్లీషులో చదివాక నాకూ అలాగే అనిపించింది. చార్లెస్ కీర్తనలు పాడుకోవడానికి గొప్పవి. హెట్టీవి పాడలేం. చదివి పక్కన పెట్టడమూ అంత తేలిక కాదు.

భక్తి సాహిత్య యాత్ర అని పేరు పెట్టాక, కన్నబిడ్డ పోతుంటే ఆ బిడ్డతో మాట్లాడిన కవిత దాంట్లోకి రాదా?

నేనిలా అడిగితే అత్తై అన్న మాట కూడా రాయాలి, లేకపోతే అన్యాయం. “మేం ప్రార్థన చేసుకోడానికి వెళ్ళాం కన్నా, లెక్కలు తీయడానికి కాదు. హెట్టీకి ఇల్లెక్కడుంది, బస్సు ఎక్కడ ఆపమంటావ్?” ఆ ప్రశ్నకి రెండు రోజులు నా దగ్గర జవాబు లేదు. నిజమే, పేరున్నవాళ్ళ ఇళ్ళే నిలబెడతారు, నిలబడ్డ ఇళ్ళ దగ్గరే బస్సు ఆగుతుంది. మన సాహిత్య చరిత్ర క్లాసులో తాళ్ళపాక తిమ్మక్కకి ఎన్ని నిమిషాలు దొరికాయో గుర్తుందా? భర్త అన్నమయ్యకి రెండు వారాలు, ‘సుభద్రా కల్యాణం’ రాసిన ఆమెకి అటెండెన్స్ తీసుకునేంత టైము. (మేడమ్, కోప్పడకండి. సిలబస్ అలా ఉంది, తప్పు మీది కాదు.)

కానీ తర్వాత ఆలోచిస్తే, బస్సు ఆపడానికి చోట్లు బోలెడున్నాయి. ఫ్రిత్ వీధి ఇప్పటికీ ఉంది. అదే వీధిలో మోట్జార్ట్ చిన్నప్పుడు దిగిన చోట ఫలకం ఉంది, బేర్డ్ 1926లో మొదటిసారి టెలివిజన్ చూపించిన ఇల్లు ఉంది. ఆ రెండింటి మధ్య నిలబడి గైడు ఐదు నిమిషాలు హెట్టీ గురించి చెప్తే ఎవరూ డబ్బులు అడగరు. బెడ్‌ఫర్డులో బన్యన్ పన్నెండేళ్ళు జైల్లో ఉన్నాడని చెప్పి విగ్రహం చూపించారు. అతని రెండో భార్య ఎలిజబెత్ 1661లో ఆ ఊళ్ళోనే జడ్జీల ముందు నిలబడి భర్త కోసం వాదించిందని చెప్పలేదు. నలుగురు సవతిపిల్లలు, వాళ్ళలో ఒక పిల్లకి చూపులేదు, భర్త అరెస్టయిన దిగులుకి తన కడుపులో బిడ్డ పోయింది. అయినా పెద్ద పెద్ద జడ్జీలకి ఎదురు జవాబు చెప్పింది. బన్యన్ తన ‘యాత్రికుని ప్రయాణం’ రెండో భాగంలో భార్యనీ పిల్లల్నీ ప్రయాణం కట్టించాడు కదా, ఆ క్రిస్టియానాని రాసేటప్పుడు ఎలిజబెత్ గుర్తు రాకుండా ఉంటుందా? ఇది నా ఊహ, రుజువు అడగొద్దు. ఆక్స్‌ఫర్డులో లూయిస్ పబ్బు దగ్గర అరగంట ఆగారు. లూయిస్ స్నేహితురాలు డొరొతీ సేయర్స్ పుట్టింది ఆ ఊళ్ళోనే. 1915లో ఫస్టుక్లాసులో చదువు పూర్తిచేసి, డిగ్రీ కాగితం కోసం 1920 దాకా ఆగింది. పబ్బు గుంపులో ఆడవాళ్ళు లేరు, ఆమె కూడా లేదు. ఇది మన కాలేజీ నుంచి వెళ్ళేవాళ్ళకి చెప్పాల్సిన సంగతా కాదా?

ఇంకా ఒకటుంది. పెద్దయ్యాక జాన్‌కి ఒక ఉత్తరం వచ్చింది. 1761లో సారా క్రాస్బీ అనే ఆమె డెర్బీలో ముప్ఫైమంది వస్తారనుకుని మీటింగు పెడితే 200 మంది దాకా వచ్చారు. మాట్లాడేసింది, తర్వాత భయమేసి తప్పా అని ఆయనకి రాసింది. మళ్ళీ అదే 200! ఆయన తప్పు కాదన్నాడు, సాగించమన్నాడు. వంటింట్లో కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్లాడు ఆ జవాబు రాశాడని నేననుకుంటాను. ఆయన పోయాక 1803లో మెథడిస్టు సభవాళ్ళు ఆడవాళ్ళ ప్రసంగాలకి మళ్ళీ అడ్డుకట్ట వేశారు. వంటిల్లు చూపించకుండా వేదిక మాత్రం చూపిస్తే ఇలాగే మర్చిపోతారు.

ఇవన్నీ అత్తైకి వరసగా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోను తీసి ఒక ఫోటో చూపించారు. గ్రూపు ఫోటోల్లో లేనిది. వెస్లీ చాపెల్‌కి ఎదురుగా, సిటీ రోడ్డుకి అవతల బన్‌హిల్ ఫీల్డ్స్ అనే పాత శ్మశానం. బన్యన్, డీఫో, బ్లేక్ అక్కడే ఉన్నారు. సుసన్నా కూడా అక్కడే, 1742 నుంచి. కొడుకు సమాధి రోడ్డుకి ఇవతల, చాపెల్ వెనక. అందరూ చాపెల్ దగ్గర ఫోటోలు తీసుకుంటుంటే అత్తై మోకాలి నొప్పితోనే ఒంటరిగా రోడ్డు దాటి వెళ్ళి, ఆ రాయి వెతుక్కుని తీసిన ఫోటో అది. “ప్రోగ్రాంలో లేదు కదా, అందుకే చెప్పలేదు” అన్నారు.

వచ్చే ఏడాది ఇంకో బృందం వెళ్తోందట. వాళ్ళకివ్వడానికి హెట్టీ గురించి ఒక పేజీ తమిళంలో రాసిపెట్టమన్నారు. నా తమిళం మాటల్లోనే గానీ రాతలో అంతంత మాత్రం, నాన్న దిద్దుతున్నారు. బిడ్డ పోతున్న కవిత దగ్గర ఆగిపోయాం. సారాంశం చాలని నాన్న, కాదు మొత్తం అనువాదం చేయాలని నేను. మన క్లాసులో తమిళం బాగా రాసేవాళ్ళెవరైనా ఉంటే, ఏ మంగళవారమైనా సాయంత్రం మా ఇంటికి రండి.