కలిసి విడిపోవడానికి కూడా లాయరు కావాలా?

ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984 అని ఒకటుంది. అందులో 13వ సెక్షన్ తీసి చదవండి. ఫ్యామిలీ కోర్టులో లాయరుని పెట్టుకోవడం ఎవరికీ హక్కు కాదు అంటుంది. అవును, సరిగ్గానే చదివారు. కోర్టుకి అవసరం అనిపిస్తే తనే ఒక న్యాయనిపుణుడి సాయం తీసుకోవచ్చు, అంతే. మొగుడూ పెళ్ళాల విషయం వాదోపవాదాల పాలు కాకూడదన్నది ఆ చట్టం ఉద్దేశం.

ఇప్పుడు ఏ ఫ్యామిలీ కోర్టు వరండాలోనైనా కాసేపు నిలబడి చూడండి. ఎటు చూసినా నల్లకోట్లే. చట్టం చెప్పింది పుస్తకంలో ఉండిపోయింది, దానికి తలకిందులుగా ఉన్నది ఆచారమై కూర్చుంది.

ముందే చెప్పేస్తున్నా, నా గోల కొట్లాట కేసుల గురించి కాదు. దెబ్బలు, కట్నం వేధింపులు, పిల్లల కోసం పెనుగులాట ఉంటే లాయరు ఉండాల్సిందే. డబ్బుల్లేవని ఆగక్కర్లేదు కూడా. 1987 నాటి న్యాయసేవల చట్టం, 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. నేను మాట్లాడేది ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే కేసుల గురించి మాత్రమే.

హిందూ వివాహ చట్టంలో దీనికోసమే 1976లో 13బి సెక్షన్ చేర్చారు. అది అడిగేవి మూడు. ఏడాది పైగా విడిగా ఉండాలి, ఇక కలిసి ఉండలేకపోవాలి, విడిపోదామని ఇద్దరూ అనుకోవాలి. ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వేయాలి. ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలల లోపు మళ్ళీ వచ్చి మా మాట ఇదే అని చెప్పాలి. జడ్జి విచారించి డిక్రీ ఇస్తారు. ఇందులో అవతలి పార్టీ ఎవరండీ? ఎవరూ లేరు. మరి లాయరు వాదించేది ఎవరి మీద?

నేనూ, అప్పటి మా ఆయనా ఈ దారినే వెళ్ళాం. పిల్లలు లేరు, ఉమ్మడి ఆస్తి లేదు, ఎవరి ఈఎంఐ వాళ్ళదే. ముగ్గురు లాయర్లని అడిగాం. ఒకాయన మీకొకరు, ఆయనకొకరు ఉండాలన్నారు. ఒకటే పిటిషన్‌కి! రెండో ఆయన ఆరు నెలల గడువు తీయించడానికి వేరే రేటు చెప్పారు. మూడో ఆయన నన్ను పక్కకి పిలిచి, "ముందో క్రిమినల్ కేసు పడేస్తే బేరం బాగా కుదురుతుందమ్మా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ప్రశాంతంగా విడిపోయేవాళ్ళని శత్రువులుగా మార్చే సలహా అది. పైగా నిజంగా దెబ్బలు తిన్న ఆడదాని మాట రేపు ఎవరూ నమ్మకుండా చేసే సలహా.

ఆ ఆరు నెలల సంగతి కూడా బ్రహ్మవిద్యేం కాదు. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ గడువు తప్పనిసరి కాదంది. మొదటి పిటిషన్ నాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు ఫలించక, భరణం, పిల్లలు వంటివి తేలిపోయి ఉంటే మాఫీ చేయమని కోర్టుని అడగొచ్చు. ఇచ్చేదీ మానేదీ జడ్జి ఇష్టం. దానికి ప్యాకేజీ ఏంటి?

మేమే రాసుకున్నాం. పెళ్ళి ఎప్పుడు, ఎక్కడ, ఆఖరున కలిసి ఎక్కడున్నాం, ఎప్పట్నుంచి విడిగా ఉన్నాం, భరణం, నగలు, సామాన్ల లెక్క ఎలా తేల్చుకున్నాం, ఇందులో ఎవరి బలవంతమూ లేదు. శుభలేఖ, పెళ్ళి ఫోటో, ఆధార్, అఫిడవిట్లు. మనం రాసే డిజైన్ డాక్యుమెంట్ కంటే చిన్నది. కౌంటర్ దగ్గర వకాలత్ లేదని వెనక్కిచ్చారు. "మేమే పార్టీలం, మాకు వకాలత్ ఎందుకండీ? అభ్యంతరం ఏంటో కాగితం మీద రాసివ్వండి" అన్నాను. నంబరు పడింది :)

మన తెలుగువాళ్ళు బోలెడంతమంది ఉండే కాలిఫోర్నియాలో విడాకులకి అచ్చువేసిన ఫారాలుంటాయి, అవి నింపడం నేర్పే సహాయ కేంద్రాలు కోర్టుల్లోనే ఉంటాయి. అలాగని ఇక్కడ పెళ్ళి చేసుకుని, అక్కడ ఒక్కరే డిక్రీ తెచ్చుకుంటే చెల్లుతుందనుకోకండి. తిరుపతిలో పెళ్ళయి, మిస్సోరీలో భర్త తెచ్చుకున్న విడాకుల్ని 1991లో నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు గుర్తించలేదు. తెచ్చుకోవాల్సింది వాళ్ళ డిక్రీ కాదు, వాళ్ళ ఫారం.

విడాకులు ఇంత తేలికైతే కాపురాలు నిలుస్తాయా అని పెద్దవాళ్ళు అడుగుతారు. ఏడాది ఎడబాటు చట్టంలోనే ఉంది, రాజీకి ప్రయత్నించాల్సిన బాధ్యత కోర్టుకే ఉంది, డిక్రీ వచ్చేలోపు ఎవరు మనసు మార్చుకున్నా కేసు ఆగిపోతుంది. కాపురాన్ని కాపాడేవి ఇవి. లాయరు ఫీజు ఏ కాపురాన్నీ నిలబెట్టలేదు, విడిపోవడాన్ని ఖరీదు చేసింది, అంతే. ఆ ఖరీదు భరించలేక చచ్చిన పెళ్ళిని మోస్తున్నవాళ్ళు ఎవరో మీకూ తెలిసే ఉంటారు.

ఒప్పందం సంతకం చేసేముందు ఒక లాయరుకి చూపించి, ఆ గంటకి ఫీజివ్వండి. తప్పులేదు. కానీ మన రెండు హైకోర్టులూ 13బికి తెలుగులో ఒక ఫారం, కౌంటర్లో దాని గురించి చెప్పే ఒక మనిషిని పెడితే ఆ మిగతా ఖర్చు దేనికి? అడిగేవాళ్ళు లేకే పెట్టలేదు. నలభై పేజీల స్పెసిఫికేషన్ చదివి రాత్రికి రాత్రి కోడ్ రాసేవాళ్ళం, ఒక్క సెక్షన్ చదవడానికి భయపడితే ఇంకెవరు అడుగుతారు?