కవలలొస్తున్నారు... కారు సరిపోతుందా?

ఖమ్మం నుంచి ఓ సోదరి ఉత్తరం రాశారు. "నాకిప్పుడు ఐదో నెల. స్కానింగులో కవలలని చెప్పారు. మాకు ఓ పాత చిన్న కారుంది. 'ఇద్దరు పిల్లలంటే ఇదేం చాలుతుంది, ఏడు సీట్ల బండి వాయిదాల మీద తీసుకుందాం' అని మావారి పట్టు. మా అత్తగారేమో 'ఒళ్ళో పడుకునే పిల్లలకి అంత కారెందుకు?' అంటారు. మా పుట్టిల్లు ఏలూరు. పురుటికి వెళ్ళడం, పిల్లలతో తిరిగి రావడం అంతా కారులోనే. ఏ కారు కొనుక్కోమంటారు?" అని.

ముందుగా మీకు శుభాకాంక్షలు. ఇక కారు సంగతి. మీ ఇంట్లో ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజముంది. మీవారన్నట్టు ఇద్దరూ ఒకేసారి వస్తే చోటు ఇబ్బందే. అత్తగారన్నట్టు పెద్ద కారు తప్పనిసరీ కాదు. చిక్కంతా ఆ "ఒళ్ళో" అన్న మాట దగ్గరే ఉంది.

గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న కారు దేన్నో గుద్దుకుని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి. ఆ క్షణంలో 3 కిలోల బిడ్డ దాదాపు 60 కిలోల బస్తాలాగా ముందుకి దూసుకుపోతుంది. ఎంత ప్రేమగా పొదివి పట్టుకున్నా ఏ తల్లి చేతులూ, ఏ నాయనమ్మ చేతులూ ఆ బరువుని ఆపలేవు. అంచేత చంటిపిల్లలు ప్రయాణం చేయాల్సింది ఒళ్ళో కాదు, వాళ్ళ కోసం చేసిన సీట్లో. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కూడా 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టు గానీ, పిల్లల సీటు గానీ ఉండాలనే చెబుతోంది. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

ఈ సీటు ఎప్పుడూ కారు వెనక సీటు మీదే ఉండాలి. అందులో బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపుకి ఉండాలి. పసివాళ్ళకి తల బరువెక్కువ, మెడకి బలం తక్కువ. వెనక్కి తిరిగి ఉంటే, గుద్దుకున్నప్పుడు తలనీ మెడనీ వీపునీ కూడా సీటే కాచుకుంటుంది. ఎయిర్ బ్యాగ్ ఉన్న ముందు సీట్లో మాత్రం ఈ సీటు ఎన్నడూ పెట్టకండి. ఆ సంచీ విచ్చుకునే ఊపుకి బిడ్డ ప్రాణానికే ముప్పు.

ఇప్పుడు మీ ప్రశ్న కాస్త మారింది చూడండి. "ఏ కారు పెద్దది?" అని కాదు, "ఏ కారు వెనక సీట్లో ఇవి రెండూ సరిగ్గా పడతాయి?" అని అడగాలి. కొత్తదానికి అడ్వాన్సు కట్టే ముందు మీ పాత కారులోనే పరీక్ష చేయండి. పిల్లల సీట్లు అమ్మే దుకాణంలో అడిగితే కారులో పెట్టి చూడనిస్తారు. వెనక్కి తిరిగి ఉండే సీటు పొడుగ్గా చోటు తీసుకుంటుంది, ముందు సీటుని ముందుకి జరపక తప్పదు. అలా జరిపాక మీవారి మోకాళ్ళు స్టీరింగుకి తగులుతున్నాయా? రెండు సీట్ల మధ్య ఓ మనిషి కూర్చోగలరా? వెనక రెండు చివర్లా భుజం మీదుగా వచ్చే బెల్టులున్నాయా? ఇవన్నీ బాగుంటే కారు మార్చాల్సిన పనే లేదు. రెండు సీట్లు కొనుక్కుంటే చాలు.

చాలకపోతేనో, కారు మరీ పాతదై ఎయిర్ బ్యాగులు లేకపోతేనో అప్పుడు కొత్తది చూడండి. ఇప్పటి కార్లలో వెనక రెండు చివర్లా ఐసోఫిక్స్ అనే ఇనుప కొక్కేలుంటున్నాయి. పిల్లల సీటు వాటికి క్లిక్కుమని తగులుకుంటుంది, బెల్టు తప్పుగా కట్టామేమోనన్న బెంగ ఉండదు. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో కార్లని గుద్దించి పరీక్షించి నక్షత్రాలిస్తున్నారు. పెద్దలకి వేరే, పిల్లలకి వేరే. మీరు చూడాల్సింది పిల్లల నక్షత్రాలు.

ఏడు సీట్ల బండి సంగతి. మూడో వరస ఎత్తి ఉంచితే డిక్కీ మిగలదు. మారుతీ ఎర్టిగాలో అప్పుడు 209 లీటర్ల చోటే ఉంటుంది, మడిస్తే 550. రెనో ట్రైబర్‌లో 84 లీటర్లు, ఆ వరస తీసి ఇంట్లో పెట్టేస్తే 625. వ్యాగనార్ లాంటి చిన్న కారు డిక్కీయే 341 లీటర్లు! జంట తోపుడుబండి, డైపర్ల కట్టలు, పాలడబ్బాలు, ఫ్లాస్కు, పక్కబట్టలు... కవలలంటే అన్నీ రెండేసి కదా. అంటే మూడో వరసలో మనుషులైనా ఉండాలి, సామానైనా ఉండాలి. పైగా మధ్య వరసలో రెండు చివర్లా పిల్లల సీట్లు బిగించాక, దాన్ని మడిచి వెనక్కి వెళ్ళడం పెద్దవాళ్ళకి గగనమే. సీఎన్‌జీ తీసుకుంటే సిలిండరు డిక్కీలో ఎంత తినేస్తుందో తెరిచి చూడండి.

అత్తగారూ మామగారూ వారం వారం మీతో ప్రయాణం చేసేవాళ్ళయితే ఏడు సీట్ల బండి దండగ కాదు. ఏడాదికో పెళ్ళి కోసమైతే ఆ రోజుకి టాక్సీ మాట్లాడుకోండి. ధరలోనూ తేడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు ఇంజను ఉన్న పెట్రోలు కారుకి జీఎస్టీ 18 శాతం. ఏ ఒక్కటి దాటినా 40 శాతం.

డబ్బు మాట ఎందుకంటున్నానంటే, కవలల్లో సగం మందికి పైగా 37 వారాలు నిండకుండానే పుడతారు. కొన్నాళ్ళు పిల్లల ఐసీయూలో ఉంచాల్సి రావచ్చు. ఆ ఖర్చుకి దాచుకున్నది కాస్తా డౌన్‌పేమెంటుకి ఊడ్చిపెట్టకండి. కారైనా, సీట్లైనా ఏడో నెల దాటకుండా సిద్ధం చేసుకోండి. కవలలు రెండున్నర కిలోల లోపే పుట్టడం మామూలే కాబట్టి, ఆ సీటు కనీసం ఎంత బరువు బిడ్డకి పనికొస్తుందో చీటీ మీద చదివి మరీ కొనండి. నెల తక్కువ పిల్లలైతే ఇంటికి తెచ్చే ముందు డాక్టరుని అడగండి. తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనితే వాళ్ళకి ఊపిరాడదు. అందుకే పక్కన ఓ పెద్ద మనిషి కనిపెట్టుకుని ఉండాలి. గంటకోసారి కారాపి పిల్లల్ని బయటికి తీయాలి. ఇంట్లో ఆ సీటుని ఉయ్యాలలా వాడకూడదు.

షోరూముకి వెళ్ళేటప్పుడు:

* పిల్లల సీట్లు రెండూ, తోపుడుబండీ వెంట తీసుకెళ్ళండి. రెండు సీట్లూ ఒకేసారి బిగించి, డిక్కీ మూసి చూడండి.
* మీరే ఎక్కి దిగి చూడండి. సిజేరియన్ అయినవాళ్ళకి మరీ పల్లంగానూ, మరీ ఎత్తుగానూ ఉన్న సీటు కష్టం.
* వెనక తలుపులు బాగా వెడల్పుగా తెరుచుకోవాలి. ఇరుకు సందులో ఆపినా బిడ్డని వంగి దింపగలగాలి.
* వెనక ఏసీ గాలి వస్తుందా, పిల్లల తాళం ఉందా చూడండి.

ఈలోగా మీరు కారెక్కినప్పుడల్లా బెల్టు పెట్టుకోండి. కింది పట్టీ పొట్ట మీద కాకుండా పొట్ట కిందుగా, తుంటి మీదుగా రావాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి, పొట్ట పక్కగా పోవాలి.

ఇక మీ అత్తగారు. ఆవిడ అన్నది పిల్లల మీద ప్రేమతోనే. "ఒళ్ళో వద్దు" అని ఎదురు చెప్పకండి. "అత్తయ్యా, రెండు సీట్ల మధ్య మీరు కూర్చోవాలి. ఇద్దర్నీ కనిపెట్టుకోవడం నా ఒక్కదాని వల్ల కాదు" అనండి. కొనే రోజున ఆ మధ్య చోటులో ముందు ఆవిడనే కూర్చోబెట్టండి. ఆవిడకి సుఖంగా ఉందంటే ఆ కారు మీకు సరిపోయినట్టే.

సుఖప్రసవమై, పండంటి బిడ్డలిద్దరితో ఏలూరు నుంచి క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకుంటున్నాను.